మచ్చలేని గేర్‌ బాక్సు

మా కర్మాగారంలో విశ్వసనీయతా సంవత్సరం మొదలైన రోజున మనిషికో టోపీ, మనిషికో లడ్డూ, మనిషికో సర్క్యులరు పంచారు. టోపీ మొదటి ఉతుకుకే వెలిసిపోయింది. లడ్డూ ఆ పూటే తినేశాం. సర్క్యులరు ఒక్కటే మిగిలింది. ఈ కథంతా దానివల్ల జరిగిందే.

అప్పటికి నేను ట్రైనీ ఇంజనీరుగా చేరి ఏడు నెలలు. మా ఇంట్లో నాకంటే ముందు కాలేజీ మెట్టెక్కినవాళ్లు లేరు. అందుకని ఆఫీసు నుంచి కాగితం వస్తే మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా రెండుసార్లు చదివేవాణ్ణి. మిగతా వాళ్లకి అనుభవం ఉంది కాబట్టి చదవకుండా ఫైల్లో పెట్టేశారు. మర్నాడు విశ్వసనీయతా సంఘం చైర్మన్ పరాంకుశం గారు మీటింగులో, “ఈ సర్క్యులరు ఎందరు చదివారు?” అని అడిగితే నేనొక్కణ్ణే చెయ్యెత్తాను. నన్ను ఆ సంఘానికి సభ్య కార్యదర్శిగా వేశారు.

సర్క్యులరులో నాలుగో పేరా ఇది: “గత పది సంవత్సరములలో చరిత్ర కార్డుపై ఒక్క వైఫల్యమైనను నమోదైన యంత్రమును విశ్వసనీయమైనదిగా పరిగణించరాదు. విశ్వసనీయము కాని యంత్రమును ఎంపిక చేయరాదు.”

చదివినప్పుడు నాకు బాగానే ఉందనిపించింది. ఇప్పుడు చదివినా తప్పెక్కడుందో చటుక్కున కనిపించదు. ఆ పేరా గొప్పతనం అదే.

మాది సముద్రం ఒడ్డున ఎరువుల కర్మాగారం. లోపల యంత్రాలు చల్లబరిచి వేడెక్కిన నీళ్లన్నీ కూలింగ్ టవరు పైకెక్కి వానలా కిందికి పడతాయి. పైన ఆరు పంకాలు పడుకున్నట్టు అడ్డంగా తిరుగుతూ ఆ వేడిని ఆకాశంలోకి లాగేస్తాయి. ఒక్కో పంకా రెక్క మా క్వార్టరు గదికంటే పొడుగు. మోటారు బయట ఉంటుంది, వేగంగా తిరుగుతుంది. అంత వేగంతో ఆ పెద్ద రెక్కలు తిరిగితే ముక్కలైపోతాయి. అందుకని మధ్యలో గేర్‌ బాక్సు ఉంటుంది. అది మోటారు వేగాన్ని తగ్గించి, అడ్డంగా వచ్చిన తిప్పుడుని నిలువుగా మార్చి, పంకా బరువంతా నెత్తిన పెట్టుకుని, ఆవిరిలో నానుతూ, ఎవరి కంటా పడకుండా రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఎవరి కంటా పడని పని కాబట్టి అది పాడయ్యేదాకా అలాంటిది ఒకటుందని పై అధికారులకి తెలియదు.

మార్చి నెలలో మూడో పంకా గేర్‌ బాక్సు పళ్లు ఊడిపోయాయి. అప్పుడు తెలిసింది.

టవరు ఫిట్టరు గవరయ్య గారు నన్ను పైకి తీసుకెళ్లి చూపించారు. ఆయన ఆ టవరు మీద ముప్పై ఒక్క ఏళ్లుగా ఉన్నారు. అక్టోబరులో రిటైరు కావాలి.

“నాను సేరినప్పుడు పాత ఫోర్‌మేన్ గారు ఆరు పంకాలు సూపించి, గవరయ్యా, ఆరూ తిరుగుతున్నాయి, నీకప్పజెప్తన్నాను అన్నారు బాబూ. నానూ అలగే అప్పజెప్పీసి ఎల్లిపోదామనుకున్నాను. ఆకరి సమచ్చరం ఇది ఇలగ సేసింది.”

“కొత్తది వేయిద్దాం గవరయ్య గారూ. ఎంపిక రాసేది నేనే.”

“మీరే రాత్తే ఒట్టేసినట్టే” అని ఆయన తన పచ్చ కార్డుల కట్ట విప్పారు. ప్రతి యంత్రానికీ ఒక చరిత్ర కార్డు. మామూలు పని నీలం సిరాతో, లోపం కనిపిస్తే ఎర్ర సిరాతో. ఆయన కార్డులు సగానికి సగం ఎర్రగా ఉన్నాయి. ఎక్కడ సీలు కారింది, ఎప్పుడు నూనె రంగు మారింది, ఏ బేరింగు గరగరమంది, అన్నీ తేదీలతో. గట్టిగా పోకముందే పసిగట్టి రాసుకుని బాగుచేసిన లోపాలవి. ఆ కార్డులు చదివి, ఆయన చెప్పింది విని, కొత్త గేర్‌ బాక్సు ఎలా ఉండాలో ఒక పేజీ రాశాను. మోటారు బలానికి రెట్టింపు బరువు ఓర్చుకోవాలి. బేరింగులు లక్ష గంటలు ఆడేలా ఎంచినవై ఉండాలి. ఇరుసు పైకి ఉంటుంది కాబట్టి దాని వెంట నీటిచుక్క లోపలికి దిగకుండా సీలు గట్టిగా ఉండాలి. నూనె మట్టం బయటి నుంచే కనిపించాలి.

“ఆకరిది ముందు రాయండి బాబూ” అన్నారు గవరయ్య గారు. “నూనె సూడ్డానికి పంకా ఆపి లోనికి దూరాలంటే ఎవడూ దూరడు. సూసినామని రాసీత్తాడు.”

ఆ పేజీ పట్టుకుని సంఘం ముందుకు వెళ్లాను.

పరాంకుశం గారు దాన్ని వేళ్ల చివర్లతో పట్టుకుని చదివి బల్ల మీద పెట్టారు. “బాగుందయ్యా. కానీ ఇందులో యంత్రం గురించి ఉంది. విశ్వసనీయత గురించి లేదు.”

“ఆ యంత్రం అలా ఉంటేనే నమ్మకంగా...”

“అది నీ అభిప్రాయం. సంఘానికి అభిప్రాయాలుండవు, ఆధారాలుంటాయి. సదరు కంపెనీల వైఫల్య చరిత్ర తెప్పించు. నాలుగో పేరా ప్రకారం మార్కులు వేద్దాం.”

మూడు కంపెనీల జవాబులొచ్చాయి. మొదటిది నాలుగు వందల గేర్‌ బాక్సులు అమ్మింది, వాటి మీద పదకొండు ఫిర్యాదులు. రెండోది అరవై అమ్మింది, మూడు ఫిర్యాదులు. ఆ మూడూ ఏ ఊళ్లో, ఏ తేదీన, ఏం పోయి వచ్చాయో, ఆ తర్వాత తాము తయారీలో ఏం మార్చుకున్నారో రెండు పేజీలు జతచేసింది. మూడో కంపెనీ ఫిర్యాదులు సున్నా.

“సున్నానా!” పరాంకుశం గారు కుర్చీలో ముందుకి జరిగారు. “ఎన్ని అమ్మారు?”

“అవీ సున్నానే సార్. వాళ్లు పిండిమరలు తయారుచేస్తారు. మన కాగితం పొరపాటున వెళ్లింది. గేర్‌ బాక్సులు తమకు తెలియవనీ, కావాలంటే పిండిమర ఇస్తామనీ రాశారు.”

పరాంకుశం గారు ఆ కాగితం అందుకుని తనే చదివారు. తర్వాత మెల్లగా అన్నారు. “తమకు తెలియదని తామే రాతపూర్వకంగా ఒప్పుకున్న కంపెనీ నా సర్వీసులో ఇదే మొదటిది. నిజాయితీకి ఐదు మార్కులు అదనంగా వెయ్యి.”

మొదటి రెండు కంపెనీలూ నాలుగో పేరా కింద కొట్టుకుపోయాయి. నూటికి నూటయిదు మార్కులతో పిండిమర కంపెనీ ప్రథమ స్థానంలో నిలిచింది. దాని దగ్గర గేర్‌ బాక్సు లేకపోవడం ఒక్కటే చిన్న ఇబ్బంది.

ఈ మార్కుల సంగతి టవరు మీద చెబితే గవరయ్య గారు నవ్వలేదు. “ఆ రెండో కంపినీ కాయితం ఒకసారి సదివినిపించండి బాబూ” అన్నారు. రెండు పేజీలూ విని తలూపారు. “ఈడి దగ్గర కొనండి. తప్పులు రాసుకున్నోడికి ఏది పోద్దో తెలుసు. ఏమీ పోనేదన్నోడికి ఏటి తెలుసు?”

ఆ వాక్యాన్ని నేను తర్వాతి మీటింగులో నా మాటగా చెప్పాను. స్టోర్స్ అధికారి జోగేశ్వర్రావు గారు అది అడ్డుకున్నారు. ఆయన మాటల్లో తడి ఉంది.

“సార్, దేశమంతా ఎందుకు వెతుకుతాం? నా రెండో నంబరు స్టోర్సులో ఒక గేర్‌ బాక్సు ఉంది. ఇరవయ్యొక్క ఏళ్ల కిందట ఏడో పంకా కడతారని తెచ్చారు. కట్టలేదు. అప్పటి నుంచి స్టోర్సులోనే ఉంది. కార్డు చూడండి సార్!”

పచ్చ కార్డు బల్ల మీదికి వచ్చింది. ఒక్క ఎర్ర గీత లేదు. నీలం గీత కూడా లేదు. కార్డు మూల చెదలు కొద్దిగా తిన్నా, మిగతా భాగం పసిపాప అరచేయిలా ఉంది.

“ఇరవయ్యొక్క ఏళ్లు” అన్నారు పరాంకుశం గారు. “మచ్చలేని సేవ.”

“సార్, అది తిరగలేదు సార్” అన్నాను.

“పాడయిందా?”

“పాడవ్వలేదు సార్, కానీ...”

“అడిగినదానికి చెప్పు.”

“లేదు సార్.”

“రాసుకో.”

రాసుకున్నాను.

ఎంపికకు ముందు తనిఖీ చెయ్యాలని రూలు కాబట్టి గవరయ్య గారూ నేనూ రెండో నంబరు స్టోర్సుకి వెళ్లాం. పెట్టె చెక్కలు ముట్టుకుంటే పొడిగా రాలాయి. గవరయ్య గారు ఇరుసు పట్టుకుని తిప్పబోయారు. కదల్లేదు. పైపు రెంచి వేసి ఒళ్లంతా బరువేశారు. కటుక్కుమని అర అంగుళం కదిలి బిగుసుకుపోయింది. మూత విప్పి టార్చి వేశాం. లోపల చుక్క నూనె లేదు. పళ్ల మీద తుప్పు పొరలు పొరలుగా ఉంది. ఒక మూల బల్లిగుడ్లు నాలుగు తెల్లగా మెరిశాయి.

“ఇదొక్కటే ఇందులో ప్రాణమున్నది” అన్నారు గవరయ్య గారు మూత జాగ్రత్తగా వేస్తూ. “బేరింగు ఇరవయ్యొక్క ఏళ్లు ఒక్కలాగే కూకుండిపోయింది బాబూ. ఇది తిరగదు. మీరు ఇరగేసి తిప్పినా రెండ్రోజులు తిరగదు.”

నేను తనిఖీ నివేదిక రాశాను. “చేత్తో తిప్పగా తిరుగుట లేదు.” ఈ ఒక్క వాక్యం మీద సంఘం గంటన్నర కూర్చుంది.

“ఎవరి అనుమతితో తిప్పారు?” అన్నారు పరాంకుశం గారు.

“తనిఖీ అంటే తిప్పాలి కదా సార్.”

“తనిఖీ అంటే చూడటం. తిప్పడం అంటే నడపడం. ఎంత కదిలింది?”

“అర అంగుళం సార్.”

జోగేశ్వర్రావు గారు గుండె మీద చెయ్యేసుకున్నారు. “అర అంగుళం నడిపేశారా! ఇరవయ్యొక్క ఏళ్ల రికార్డు సార్! నా ముందు ఇద్దరు స్టోర్స్ అధికారులు దాని మీద ఈగ వాలనివ్వలేదు!”

చివరికి సంఘం ఉదారంగా ఆలోచించింది. సదరు అర అంగుళం కదలిక రవాణా నిమిత్తం జరిగినట్లుగా భావించవలెనని, తనిఖీ జరగనందున యంత్రములో లోపములేవియు కనుగొనబడలేదని తీర్మానం. నేనే రాశాను. చేతిరాత బాగుందని మెచ్చుకున్నారు కూడా. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం పరాంకుశం గారి సంతకం కోసం ఎదురుచూస్తోందని ఎవరూ గుర్తుచెయ్యలేదు. నాకు గుర్తుంది.

ఏప్రిల్లో క్రేను పెట్టి దాన్ని మూడో పంకా కింద కూర్చోబెట్టారు. పూలదండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. పరాంకుశం గారు స్టార్టు బటను మీద వేలు పెట్టి ఆగారు.

“ఇప్పుడు నొక్కితే ఏమవుతుందయ్యా?”

“తిరగాలి సార్.”

“తిరగకపోతే?”

“కార్డు మీద ఎర్ర సిరా సార్.”

ఆయన వేలు నెమ్మదిగా వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నారు. “ఈ గేర్‌ బాక్సు సంసిద్ధ స్థితిలో ఉన్నట్లు ప్రకటిస్తున్నాను” అన్నారు. చప్పట్లు కొట్టాం. మూడో పంకా తిరగని పంకాగానే ఉండిపోయింది. ఇంతకుముందు పాడై తిరగలేదు, ఇప్పుడు నమ్మకంగా తిరగలేదు. గవరయ్య గారు చప్పట్లు కొట్టలేదు. “ఐదు” అన్నారు తనలో తాను.

తర్వాత జరిగినదానికి నాదే పూచీ. పదేళ్ల వైఫల్యాలన్నీ ఒక పట్టికలో పెట్టమన్నారు. వారం కూర్చుని శ్రద్ధగా చేశాను. టవరు మొత్తం మీద రెండు వందల ముప్పై ఒక్క ఎర్ర నమోదులు. తిరుగుతున్న యంత్రాల్లో వచ్చినవి ఎన్ని, ఆగి ఉన్నవాటిలో వచ్చినవి ఎన్ని అని ఒక గడి ఉంటే బాగుంటుందనిపించి, ఎవరూ అడగకపోయినా పెట్టాను. తిరుగుతున్నవాటిలో రెండు వందల ముప్పై ఒకటి. ఆగి ఉన్నవాటిలో సున్నా.

పరాంకుశం గారు ఆ పట్టిక చాలాసేపు చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

“కారణం దొరికింది” అన్నారు. “తిరగడం.”

అంత స్పష్టంగా ఎవరూ అప్పటిదాకా చెప్పలేదు.

“ఇంకొకటి చూడండి సార్” అని జోగేశ్వర్రావు గారు వేలు పెట్టారు. “ఈ రెండు వందల ముప్పై ఒకటిలో నూట తొంభై ఎనిమిది ఒకే మనిషి చేతిరాత. మిగతా షిఫ్టుల ఫిట్టర్ల కార్డులు చూడండి, ఎంత శుభ్రంగా ఉన్నాయో. ఎవరీ గవరయ్య? ఆయన చెయ్యి పడ్డ ప్రతిదానికీ లోపమే!”

“మిగతావాళ్లు రాయరు సార్. ఆయన రాస్తారు” అన్నాను.

“అదేనయ్యా మేమూ అంటున్నది” అన్నారు పరాంకుశం గారు ఓపిగ్గా.

ఆ సాయంత్రం రెండు ఉత్తర్వులు వెలువడ్డాయి. ఒకటి, పంకాలను వారానికొకటి చొప్పున విశ్రాంతి స్థితికి తేవలెను. రెండు, ఫిట్టరు గవరయ్య వద్దనున్న ఎర్ర కలమును తక్షణమే స్వాధీనపరచుకొనవలెను. రెండోది అమలుచేయడానికి నన్నే పంపారు.

ఆయన జేబులోంచి తీసి నా చేతిలో పెట్టారు. “తీసుకోండి. నాకు కళ్లున్నాయి కదా, అవి అట్టుకెల్లమన్లేదు కదా” అన్నారు. నేను రసీదు కూడా రాసిచ్చాను. పద్ధతి పద్ధతే కదా.

ఏప్రిల్ చివర్లో ఒకటి, మే మొదటి వారంలో ఇంకొకటి ఆపారు. టవరు నుంచి తిరిగొచ్చే నీళ్లు ముప్పై రెండు డిగ్రీల నుంచి ముప్పై ఆరుకి, ముప్పై తొమ్మిదికి ఎక్కాయి. కంట్రోల్ రూము వాళ్లు ఫోను చేసి అరిచారు. నీటి వేడి తమ సంఘం పరిధిలోకి రాదని, గేర్‌ బాక్సుల విశ్వసనీయత మాత్రమే వస్తుందని, అది రోజురోజుకీ మెరుగవుతోందని మేం జవాబిచ్చాం. రోహిణి కార్తె ఎండలకి చివరి పంకా ఆపేసరికి కంప్రెసరు తాళలేక దానంతటదే ఆగిపోయింది. ఆ వెనకే కర్మాగారం మొత్తం ఆగింది.

ముప్పై ఏళ్లుగా ఆగని రొద ఆగేసరికి చెవుల్లో గుయ్యిమంది. గేటు దగ్గర కొత్త బోర్డు పెట్టారు: “వైఫల్యము లేని దినములు – 1.” మర్నాడు రెండయింది. ఆ అంకె మార్చడానికి ఒక మనిషిని వేశారు. కర్మాగారంలో పనిచేస్తున్నది అతనొక్కడే.

నాలుగో రోజు గవరయ్య గారు రొప్పుతూ నా గదికి వచ్చారు. “బాబూ, బేగి రండి. పంకాలు తిరుగుతున్నాయి.”

“కరెంటు లేదు కదా!”

“గాలికి. సముద్రం గాలి కిందనుంచి ఎగదన్ని ఎనక్కి తిప్పతంది. మెల్లిగా తిరుగుతున్నాయి. మెల్లిగా ఎనక్కి తిరిగితే నూనె పై బేరింగుదాకా ఎగరదు. ఎండిపోద్ది. రెక్కలకి తాళ్లేసి కట్టీమని రాయండి.”

మూడోది తప్ప మిగతా ఐదూ వెనక్కి తిరుగుతున్నాయి. మచ్చలేనిది గాలికి కూడా లొంగలేదు. నేను పరుగున సంఘానికి నోటు పెట్టాను. పరాంకుశం గారు చదివి, ఊహించనివిధంగా, ఎంతో సంతోషించారు.

“వెనక్కి తిరుగుతున్నాయా? ముందుకి తిరిగితే నడిచిన గంటలు పెరుగుతాయి. అవునా?”

“అవును సార్.”

“అయితే వెనక్కి తిరిగితే?”

రాసుకోవడానికి నేను కలం మూత తీశాను.

“తగ్గుతాయి” అన్నారాయన. “ఈ గాలి ఇలాగే వీస్తే మన గేర్‌ బాక్సుల వయసు నెలకి ఏడొందల గంటలు తగ్గుతుంది. ఇరవై ఏళ్లు వీస్తే కొత్తవైపోతాయి. ఎవరూ తాళ్లు కట్టరాదని ఉత్తర్వు తయారుచెయ్యి.”

తయారుచేశాను. పైగా రోజూ ఎన్ని గంటలు వెనక్కి తిరిగాయో లెక్కగట్టి కార్డుల్లో తీసివేసే పని కూడా నాకే ఇచ్చారు. ఆ కాగితాల మీద సంతకం పెడుతుంటే నా డిగ్రీ పట్టా మా ఇంట్లో గోడకి వేలాడుతున్న చోటు కళ్ల ముందు కనబడేది. దాని కిందే మా అమ్మ రోజూ దీపం పెడుతుంది.

నా ఉత్తర్వు అందిన రోజే గవరయ్య గారు పైకెక్కి ఐదు పంకాలకీ తాళ్లేసి కట్టేశారు. అంతటితో ఆగలేదు. వారానికోసారి తాడు విప్పి, రెక్క పట్టుకుని చేత్తో నాలుగు చుట్లు ముందుకి తిప్పి, లోపల పళ్లన్నీ నూనెలో ముంచి మళ్లీ కట్టేవారు. జోగేశ్వర్రావు గారు దుర్భిణి పెట్టి చూసి ఫిర్యాదు రాశారు. “సదరు ఫిట్టరు వారమునకు నాలుగు చుట్లు అనధికారికముగా ముందుకు త్రిప్పుచు యంత్రముల వయస్సును పెంచుచున్నాడు.” సెక్యూరిటీ వాళ్లొచ్చి ఒక తాడు కోశారు. అది నాలుగో పంకాది. మిగతావి కొయ్యడానికి టవరు పైన ఇరుకు పలక మీదుగా నడవాలి, వాళ్లు భయపడ్డారు. గవరయ్య గారికి మెమో వచ్చింది. సంజాయిషీ తెలుగులో రాయమని నా దగ్గరికే వచ్చారు.

“ఏం రాయమంటారు?”

“కట్టినాను అని రాయండి.”

“ఎందుకు కట్టారో రాద్దాం.”

“ఎందుకో తెలిసినోళ్లయితే అడుగుతారేటి బాబూ? కట్టినాను అని రాయండి సాలు. పోతే ఇంకో మూడు నెలలే కదా, ఏటి పీకుతారు? పంకా పోతే మటుకు నాను ఎవులికి అప్పజెప్పేది?”

ఆగస్టులో పైనుంచి ఫోనొచ్చింది. ఎవరు చేశారో తెలియదు కానీ పరాంకుశం గారు లేచి నిలబడి మాట్లాడారట. ఊళ్లలో నాట్లు అయిపోతున్నాయి, ఎరువు ఏదని అడిగారట. వైఫల్యము లేని దినములు ఎనభై రెండు అని చెప్పబోతే అవతల ఫోను పెట్టేశారట. మర్నాడు పొద్దున్నే పంకాలు తిప్పమని ఉత్తర్వు.

గవరయ్య గారు తాళ్లు విప్పారు. ఒకటి, రెండు, ఐదు, ఆరు చక్కగా లేచాయి. తాడు కోసేసిన నాలుగోది గరగరమంది. పై బేరింగు నూనె లేక ఎండి, రాపిడి వేడికి నీలమెక్కిపోయింది. రెండ్రోజులు అక్కడే ఉండి మార్చారు. పని అయ్యాక కార్డు తీసి నా వైపు చూశారు. నేను స్వాధీనం చేసుకున్న ఎర్ర కలం నా జేబులోనే ఉంది. ఇచ్చాను. ఆయన రాసి తిరిగిచ్చారు. ఈసారి ఇద్దరం రసీదు రాసుకోలేదు.

ఐదు పంకాలతో వానాకాలం గడిచింది. యంత్రాలు మూడు నెలల విశ్రాంతి తర్వాత ఒక్క రోజులో లేవడం విశ్వసనీయతా విధానం విజయమని సంఘం నివేదిక పంపింది. పై ఆఫీసు మెచ్చి ఒక షీల్డు పంపింది. ఏ యంత్రానికి ఇవ్వాలన్నది చర్చే లేదు. అక్టోబరు ముప్పై ఒకటిన, మూడో పంకా గేర్‌ బాక్సుకి అత్యంత విశ్వసనీయ యంత్రంగా సత్కారం. అదే రోజు గవరయ్య గారి రిటైర్‌మెంటు. టెంటు ఒకటే కాబట్టి రెండూ కలిపి పెట్టారు.

షీల్డుని గేర్‌ బాక్సు తరఫున జోగేశ్వర్రావు గారు అందుకున్నారు. తర్వాత గవరయ్య గారిని పిలిచి, అప్పగింత కాగితం ముందు పెట్టారు. అది ముందే టైపు చేసి ఉంది: “ఆరు పంకాలు, ఆరును సంతృప్తికరము.” కింద ఆయన సంతకం, దాని పక్కన సాక్షిగా సభ్య కార్యదర్శి సంతకం.

గవరయ్య గారు కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకున్నారు. “ఆరు కాదు కదండీ.”

“అదొక లాంఛనం గవరయ్యా” అన్నారు పరాంకుశం గారు మైకు పక్కకి తిప్పుతూ. “సంతకం చేసి శాలువా కప్పించుకో. మెమో కూడా మూసేస్తాం.”

“మూసీకండి బాబూ, ఉండనీండి. నాకు ఆరు తిరుగుతున్నాయని సెప్పి అప్పజెప్పినారు. నాను ఐదు అప్పజెప్తన్నాను. అయిదంటే అయిదని రాయండి. తక్కువే. సిగ్గుగానే ఉంది. కానీ అదే నెక్క.”

ఆయన నీలం కలంతో టైపు కొట్టిన వరుస కొట్టేసి, తన గుండ్రటి అక్షరాలతో రాశారు: “ఐదు తిరుగుతున్నాయి. మూడోది తిరగదు.” సంతకం చేసి కాగితం నా వైపు జరిపారు.

పరాంకుశం గారు నన్ను చూశారు. “కార్యదర్శి గారూ” అన్నారు. ఆయన నన్ను గారు అనడం అదే మొదలు. “నీ కన్ఫర్మేషను కాగితం రేపు చూస్తున్నాను.”

నేను ఏడు నెలలు సరిగ్గా అడిగినవి రాశాను. తిరగనిదాన్ని సంసిద్ధం అని, చూసినదాన్ని చూడలేదని, వెనక్కి తిరిగినదాన్ని చిన్నదైందని. చేతిరాత బాగుందన్నారు. సాక్షి సంతకం పెట్టేశాను. తర్వాత షీల్డు పక్కనే పూలదండలో పెట్టిన పచ్చ కార్డు తీసి, ఇరవయ్యొక్క ఏళ్లుగా ఎవరూ రాయని మొదటి గడిలో, జేబులో ఉన్న ఎర్ర కలంతో రాశాను: “తిరగదు.” తేదీ వేశాను.

జోగేశ్వర్రావు గారు కుర్చీలో కూలబడ్డారు. ఆయనకి మంచినీళ్లిచ్చారు.

ఇక నాలుగో పేరా తన పని తాను చేసింది. ఎర్ర నమోదు ఉన్న యంత్రం విశ్వసనీయం కాదు. విశ్వసనీయం కానిది ఎంపికలో ఉండరాదు. కాబట్టి మూడో పంకా గేర్‌ బాక్సుని దించెయ్యాల్సి వచ్చింది. ఇక దేశంలో మచ్చలేనిది ఏదీ మిగల్లేదు కాబట్టి, సంఘానికి ఎంచడానికి ఏమీ లేక సంఘమే రద్దయింది. కొత్త గేర్‌ బాక్సు వ్యవహారం మళ్లీ టవరు వాళ్లకి వచ్చింది. వాళ్ల ఫైల్లో నా పాత పేజీ ఒకటి ఉంది. ఆఖరిది ముందు రాసి ఉన్న పేజీ. రెండో కంపెనీకి ఆర్డరు వెళ్లింది. వాళ్లు ఇప్పుడు నాలుగో లోపం కూడా జతచేసి పంపారట.

నా కన్ఫర్మేషను రాలేదు. ట్రైనీ గడువు పొడిగించి నన్ను రెండో నంబరు స్టోర్సుకి మార్చారు. తిరిగొచ్చిన గేర్‌ బాక్సుకి నేనే సంరక్షకుణ్ణి. నా సర్వీసు కార్డు మీద కూడా ఎర్ర నమోదు ఒకటి పడిందని చెప్పారు. దానికి, నాకు ఇప్పుడు లెక్క సమానం. నెలకోసారి దాని ముందు కూర్చుని “మార్పు లేదు” అని రాస్తాను. లోపల బల్లిపిల్లలు పెద్దవై వెళ్లిపోయాయి.

స్టోర్సు వెనక కిటికీలోంచి టవరు కనిపిస్తుంది. మార్చిలో ఒక పొద్దున్న లెక్కపెట్టాను. ఆవిరి ఆరు చోట్ల నుంచి లేస్తోంది. ఇంకోసారి లెక్కపెట్టి గవరయ్య గారికి ఫోను చేశాను.

“ఆరూ తిరుగుతున్నాయండీ.”

“ఇంకోపాలి నెక్కెట్టండి బాబూ” అన్నారు. ఒకటి నుంచి ఆరు దాకా ఆయనకి వినబడేలా లెక్కపెట్టాను.

“ఇన్నాను బాబూ” అన్నారు. “మూడోదాని నూనె సూసేరా?”

“నేను స్టోర్సులో ఉన్నానండీ ఇప్పుడు.”

“అయితేటి? మద్దేనం అన్నాలేళ ఎల్లి సూసిరండి. బయటినుంచే కనపడద్ది కదా.”